చిల్లర కరువు - కొట్టు బిళ్ళలు

కొట్టుకు పోతాం. ఉప్పు, పప్పు, సబ్బు కొంటాం. నోటు ఇస్తాం. మనకు రెండు రూపాయలు తిరిగి రావాలి.

"చిల్లర లేదమ్మా. ఈ చాక్లెట్లు పట్టుకుపో" అంటాడు కొట్టు ఆయన.

ఇంట్లో పిల్లలున్నారు కదా అని తెచ్చుకుంటాం. అదే చాక్లెట్లు మర్నాడు తీసుకెళ్ళి, "వీటికి అగ్గిపెట్టె ఇవ్వు" అని అడిగితే ఇస్తాడా? ఇవ్వడు. నవ్వుతాడు.

నిన్న రెండు రూపాయలకు సరిపోయిన చాక్లెట్లు ఇవాళ ఎందుకు పనికిరావు? ఆయన ఇస్తే డబ్బు, మనం ఇస్తే కాదా?

చూస్తే ఇది చిన్న ప్రశ్న. కానీ 160 ఏళ్ళ కిందట అమెరికాలో కోట్లమందికి ఈ ప్రశ్న ఎదురైంది. ఆ కథ తెలుసుకుందాం.

యుద్ధం వచ్చింది - చిల్లర పోయింది

1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. అంతర్యుద్ధం అంటే ఒకే దేశంలో ప్రజలు రెండు పక్షాలుగా చీలి చేసుకునే యుద్ధం. ఆ దేశపు దక్షిణ రాష్ట్రాల్లో నల్లజాతి ప్రజలను బానిసలుగా ఉంచుకునేవారు. మనుషుల్ని పశువుల్లాగా కొనేవారు, అమ్మేవారు. బానిసత్వం పోతుందనే భయంతో 11 దక్షిణ రాష్ట్రాలు దేశం నుంచి విడిపోతామన్నాయి. ఉత్తర రాష్ట్రాలు ఒప్పుకోలేదు. యుద్ధం 1865 దాకా సాగింది.

యుద్ధానికి డబ్బు కావాలి. తుపాకులు, గుర్రాలు, బూట్లు, రొట్టెలు అన్నీ కొనాలి. ప్రభుత్వం దగ్గర అంత బంగారం, వెండి లేవు. 1861 డిసెంబరు చివర బ్యాంకులు "నోటు తెచ్చినవాళ్ళకు బంగారం ఇవ్వం" అన్నాయి. 1862లో ప్రభుత్వం కొత్త కాగితం నోట్లు అచ్చువేసింది. వాటి వెనకవైపు ఆకుపచ్చ సిరాతో ఉండేది. ఆ నోటు ఇచ్చి బంగారం అడిగే వీలు లేదు.

జనం ఏం చేశారు? మనం ఏం చేస్తామో అదే చేశారు. ఇంట్లో మంచి బియ్యం ఉన్నాయి, నూకలు ఉన్నాయి. పక్కింటికి బదులు ఇవ్వాలి. ఏవి ఇస్తాం? నూకలు ఇచ్చి, మంచి బియ్యం దాచుకుంటాం. అక్కడి జనం కూడా కాగితం నోట్లు ఖర్చుపెట్టారు. బంగారు, వెండి నాణేలు దాచుకున్నారు. కొందరు వెండి నాణేల్ని పక్క దేశం కెనడాకు పంపి లాభం చేసుకున్నారు.

1862 ఎండాకాలానికి వెండి చిల్లర బజారులో కనిపించటం మానేసింది. తర్వాత అన్నిటికన్నా చిన్న నాణెం 'సెంటు' కూడా కరువైంది.

ఈ సెంటు మన పొలం సెంటు కాదు. ఒక రూపాయికి 100 పైసలు. అలాగే ఒక డాలరుకు 100 సెంట్లు.

సెంటు లేకపోతే ఏమవుతుంది? రొట్టె కొనాలన్నా, పాలు కొనాలన్నా, బండి ఎక్కాలన్నా చిల్లర కావాలి. డబ్బున్నవాడు పెద్ద నోటుతో నెలకు సరిపడా సరుకు ఒకేసారి తెచ్చుకుంటాడు. ఏ రోజుకారోజు కొనుక్కు తినేవాళ్ళ సంగతేంటి? చిల్లర కరువు ముందుగా కొట్టేది బీదవాళ్ళనే.

తపాలా బిళ్ళలతో బేరం

చిల్లర లేక జనం తపాలా బిళ్ళలు, అంటే ఉత్తరాల మీద అంటించే స్టాంపులు వాడటం మొదలుపెట్టారు. ప్రభుత్వం కూడా 1862 జూలైలో చట్టం చేసి దానికి ఒప్పుకుంది.

కానీ స్టాంపు వెనక జిగురు ఉంటుంది. చెయ్యి చెమర్చితే చేతికి అంటుకుంటుంది. నాలుగు స్టాంపులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. నాలుగు చేతులు మారేసరికి చిరుగుతాయి, మురికి పడతాయి.

జాన్ గాల్ట్ అనే ఆయన ఒక ఉపాయం చేశాడు. స్టాంపును గుండ్రటి ఇత్తడి బిళ్ళలో పెట్టాడు. పైన పల్చటి అభ్రకం రేకు బిగించాడు. మన గూడూరు గనుల్లో దొరికే అభ్రకం లాంటిదే. రేకు లోంచి స్టాంపు కనిపిస్తుంది, చిరగదు. వెనకవైపు వ్యాపారుల ప్రకటనలు వేశాడు. కానీ అవి తయారు చెయ్యటానికి ఖర్చు ఎక్కువ. అందరి అవసరం తీర్చలేకపోయాయి.

కొట్టు బిళ్ళ పుట్టింది

అప్పుడు వ్యాపారులు తమ దారి తాము చూసుకున్నారు. సెంటు సైజులో రాగి బిళ్ళలు కొట్టించారు. 1862 చివరలో సిన్సినాటి పట్నంలో, ఆ చుట్టుపక్కల ఇవి మొదలయ్యాయి. 1863లో న్యూయార్క్, డెట్రాయిట్ వంటి పట్నాలకు పాకాయి. రొట్టెల కొట్టు, మాంసం కొట్టు, మందుల కొట్టు, బీరు కొట్టు ఇలా ఎవరి బిళ్ళ వాళ్ళు వేయించుకున్నారు. శవపేటికలు అమ్మేవాళ్ళు కూడా వేయించారు.

ఈ బిళ్ళలు మూడు రకాలు.

మొదటి రకం కొట్టు బిళ్ళలు. వీటి మీద వ్యాపారి పేరు, ఊరు, చేసే వ్యాపారం ఉంటాయి. చిల్లరకు చిల్లర, ప్రకటనకు ప్రకటన.

రెండో రకం దేశభక్తి బిళ్ళలు. వీటి మీద జెండా, గద్ద, ఫిరంగి వంటి బొమ్మలు ఉంటాయి. దేశం ఒక్కటిగా ఉండాలనే మాటలు ఉంటాయి. చాలావాటి మీద వ్యాపారి పేరు ఉండదు.

మూడో రకం దండు బిళ్ళలు. సైన్యం వెంట తిరుగుతూ సిపాయిలకు సరుకులు అమ్మే వ్యాపారులు వీటిని ఇచ్చేవారు.

ఈ మూడో రకం గురించి కొంచెం ఆగి ఆలోచించాలి. ఆ రోజుల్లో ఉత్తరాది మామూలు సిపాయికి నెల జీతం 13 డాలర్లు. 1864లో పెంచిందాకా అంతే. అది కూడా నెలనెలా చేతికి వచ్చేది కాదు. చేతిలో డబ్బు లేని సిపాయికి వ్యాపారి అప్పుగా బిళ్ళలు ఇచ్చేవాడు. ఆ బిళ్ళలు ఆ వ్యాపారి దగ్గరే చెల్లుతాయి. పక్క డేరాలో చెల్లవు. అతను చెప్పిందే ధర. జీతం వచ్చిన రోజున అందులో కొంత భాగం ముందే పట్టుకునే హక్కు కూడా అతనికి ఉండేది. బిళ్ళ ఎవరిదో బేరం వాళ్ళ చేతుల్లోనే ఉంటుంది.

చిన్న అక్షరాల సంగతి

ఇవి సర్కారు నాణేలు కావు. సర్కారు నాణెంలాగా నకిలీ చేస్తే శిక్ష పడుతుంది. అందుకని బిళ్ళలు తయారుచేసేవాళ్ళు ఒక ఎత్తు వేశారు.

కొన్ని బిళ్ళల మీద 'ఒక సెంటు' అని పెద్ద అక్షరాలతో వేశారు. దాని పైన చిన్న అక్షరాలతో 'కాదు' అనే అర్థం వచ్చే మాట వేశారు. మొత్తం కలిపి చదివితే 'ఒక సెంటు కాదు' అని అర్థం.

పెద్ద అక్షరాలు మాత్రమే చూసినవాళ్ళకు అది సెంటు. చిన్న మాట కూడా చదివినవాళ్ళకు అది సెంటు కాదు. చదువు రానివాళ్ళకు అది ఒట్టి రాగి బిళ్ళ. సైజు చూసి, రంగు చూసి నమ్మటమే.

మరికొన్ని బిళ్ళల మీద 'నీకు ఒక సెంటు బాకీ ఉన్నాను' అనే మాట ఉండేది. ఇది కొంత నయం. బాకీ అన్నాడు కాబట్టి అడగవచ్చు. కానీ బాకీ ఎవరు? పేరు ఉంటే ఆయన దగ్గరకు పోవచ్చు. పేరే లేకపోతే ఎవర్ని అడగాలి?

ఒక అక్షరం తప్పు కూడా ఈ బిళ్ళల మీద పేరు తెచ్చుకుంది. యుద్ధానికి ముందు, 1861 జనవరిలో, జాన్ డిక్స్ అనే మంత్రి ఒక ఆజ్ఞ పంపాడు. దేశపు జెండాను దించబోయినవాణ్ణి అక్కడికక్కడే కాల్చమని అందులో ఉంది. ఆ మాటను చాలా బిళ్ళల మీద అచ్చు కొట్టారు. ఒక అచ్చులో 'అక్కడికక్కడే' అనే అర్థమిచ్చే 'స్పాట్' మాటలో ఒక అక్షరం ఎక్కువ పడింది. అది 'స్పూట్' అయింది. ఎవరూ సరిచూడలేదు. బిళ్ళలు బయటకు వెళ్ళిపోయాయి. ఇప్పుడు పాత బిళ్ళలు పోగుచేసేవాళ్ళు ఈ తప్పు ఉన్న బిళ్ళ కోసం వెతుకుతారు.

బీరు కొట్టు ఆయన, ట్రాము కంపెనీ

న్యూయార్క్ పట్నంలో గుస్టావస్ లిండెన్‌ముల్లర్ అనే బీరు కొట్టు ఆయన ఉండేవాడు. 1863లో ఆయన కూడా బిళ్ళలు కొట్టించాడు. ఒకవైపు గడ్డం ఉన్న మనిషి తల. రెండోవైపు నురుగు పొంగే బీరు గ్లాసు. ఆయన పది లక్షలకు పైగా బిళ్ళలు వదిలాడని చెబుతారు.

ఆ పట్నంలో పట్టాల మీద గుర్రాలు లాగే ట్రాము బండ్లు నడిచేవి. బండి ఎక్కినవాళ్ళు టిక్కెట్టుకు ఈ బిళ్ళలే ఇచ్చేవారు. థర్డ్ అవెన్యూ రైల్‌రోడ్ అనే ట్రాము కంపెనీ దగ్గర ఇలాంటివి కుప్పగా పోగుపడ్డాయి.

కంపెనీ వాళ్ళు లిండెన్‌ముల్లర్‌ను అడిగారు. "ఇవి నీ బిళ్ళలు. ఇవి తీసుకుని మాకు అసలు డబ్బు ఇవ్వు" అన్నారు.

ఆయన నవ్వి, ఇవ్వనన్నాడని చెబుతారు.

కంపెనీకి ఏమీ చెయ్యటానికి తోచలేదు. ఆ బిళ్ళలకు డబ్బు ఇచ్చి తీరాలని చెప్పే చట్టం అప్పటికి లేదు.

ఇక్కడ నష్టపోయింది పెద్ద కంపెనీ. తట్టుకోగలదు. కానీ అలాంటి బిళ్ళలే పనిమనిషి చేతిలో పది మిగిలిపోతే? కూరగాయలు అమ్మే ఆమె కొంగున ఇరవై మిగిలిపోతే? బిళ్ళ చేతులు మారినంతసేపు ఎవరికీ నష్టం కనపడదు. మారటం ఆగిన రోజున ఎవరి చేతిలో ఉంటే నష్టం వాళ్ళది.

ఒక లెక్క చేద్దాం

ఇది ఊహించి వేసిన లెక్క. మన రూపాయల్లోనే వేద్దాం.

ఒక వ్యాపారి 1000 బిళ్ళలు కొట్టించాడు. ఒక్కో బిళ్ళకు ఖర్చు 50 పైసలు. మొత్తం ఖర్చు 500 రూపాయలు.

ఒక్కో బిళ్ళను ఒక రూపాయి చిల్లరకు బదులు ఇచ్చాడు. అంటే 1000 రూపాయల అసలు చిల్లర తన దగ్గర ఉంచుకున్నాడు.

బిళ్ళలన్నీ తిరిగి తీసుకుని డబ్బు ఇస్తే, ఆయనకు మిగిలేది ఏమీ లేదు. పైగా 500 ఖర్చు.

ఒక్కటి కూడా తిరిగి తీసుకోకపోతే 500 రూపాయలు లాభం.

సగం తీసుకుని, సగం తీసుకోకపోతే ఎంత? మీరు చెప్పండి.

ఇప్పుడు తెలిసింది కదా, బిళ్ళ ఇచ్చేటప్పుడు ఉన్న నవ్వు తీసుకునేటప్పుడు ఎందుకు మారుతుందో!

చట్టం వచ్చింది

ఈ బిళ్ళలు మొత్తం రెండున్నర కోట్లకు తక్కువ ఉండవని తెలిసినవాళ్ళు అంచనా వేశారు. అన్నిటినీ మోసం అనలేం. చాలామంది వ్యాపారులు చిల్లర లేకే వేయించారు. బిళ్ళలు లేకపోతే ఆ రోజుల్లో చిన్న బేరాలు సాగటం కష్టమయ్యేది.

సర్కారు కూడా వీటి నుంచి ఒక పాఠం నేర్చుకుంది. అప్పటి సర్కారు సెంటు రాగి, నికెల్ కలిపి చేసింది. మందంగా ఉండేది. బరువు 4.67 గ్రాములు. నికెల్ దొరకటం కష్టం, కొట్టటం కష్టం. కొట్టు బిళ్ళలు పల్చగా ఉండేవి. అయినా జనం తీసుకున్నారు. నాణెం అంటే లోహం బరువు ఒక్కటే కాదు, నమ్మకం కూడా అని తేలింది.

1864 ఏప్రిల్ 22న కొత్త చట్టం వచ్చింది. సెంటును కంచుతో పల్చగా చెయ్యటం మొదలుపెట్టారు. బరువు 3.11 గ్రాములకు తగ్గింది. రెండు సెంట్ల నాణెం కూడా తెచ్చారు. ఒకటి, రెండు సెంట్ల బిళ్ళలు సొంతంగా వేసి వదలటం నేరమన్నారు. 1864 జూన్ 8న వచ్చిన ఇంకో చట్టం, డబ్బుగా వాడే ఏ నాణేన్నీ ఎవరూ సొంతంగా తయారు చెయ్యకూడదని తేల్చి చెప్పింది.

సర్కారు సెంట్లు బజారులోకి వచ్చాయి. కొట్టు బిళ్ళల రోజులు ముగిశాయి.

బిళ్ళలు పోగుచేసేవాళ్ళు

చెల్లని బిళ్ళలు ఏమయ్యాయి? కొన్ని కరిగిపోయాయి. కొన్ని డబ్బాల్లో, పెట్టెల్లో పడి ఉండిపోయాయి. వాటిని వెతికి పోగుచేసేవాళ్ళు ఆనాడే బయలుదేరారు. ఈనాటికీ ఉన్నారు. 1967లో వాళ్ళు ఒక సంఘం పెట్టుకున్నారు.

పనికిరాని బిళ్ళ ఎందుకు పోగుచెయ్యాలి? ఎందుకంటే ఆ బిళ్ళ మీద ఒక కొట్టు ఉంది. ఒక వీధి ఉంది. ఒక మనిషి చేసిన పని ఉంది. రాజుల పేర్లు పుస్తకాల్లో ఉంటాయి. రొట్టెలు కాల్చినవాడి పేరు ఎక్కడ ఉంటుంది? ఇలాంటి బిళ్ళ మీద ఉంటుంది.

మెల్విన్ ఫుల్డ్, జార్జ్ ఫుల్డ్ అనే తండ్రీ కొడుకులు 1960లలో ఈ బిళ్ళల జాబితాలు వేశారు. రకాలు దాదాపు పది వేల దాకా తేలాయి. కొట్టు బిళ్ళలకు ముందు రాష్ట్రం, తర్వాత ఊరు, తర్వాత కొట్టు ఇలా వరస పెట్టారు. ఊరికి ఒక నంబరు ఉంటుంది. న్యూయార్క్ పట్నానికి 630. సిన్సినాటికి 165. మన పొలానికి సర్వే నంబరు ఉన్నట్టే.

ఏ రకం ఎంత అరుదో చెప్పటానికి 1 నుంచి 10 దాకా అంకెలు పెట్టారు. 5000కు పైగా మిగిలి ఉన్నాయనుకునే రకానికి 1. లోకంలో ఒక్కటే ఉన్నదానికి 10.

పోగుచేసేవాళ్ళు కొన్ని జాగ్రత్తలు పాటిస్తారు. మన ఇంట్లో తాతల నాటి నాణేలు ఉంటే మనకూ పనికొస్తాయి.

1. పాత నాణేన్ని తోమకూడదు. రాగి చెంబును చింతపండుతో తోమితే తళతళలాడుతుంది. నాణేన్ని అలా తోమితే పై పొర పోతుంది. అక్షరాలు అరుగుతాయి. విలువ పడిపోతుంది.

2. నాణేన్ని అంచుల దగ్గరే పట్టుకోవాలి. వేళ్ళ చెమటకు రాగి నల్లబడుతుంది.

3. తడి తగలనివ్వకూడదు. మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ సంచిలో ఏళ్ళ తరబడి ఉంచకూడదు. ఆకుపచ్చ చిలుము పడుతుంది. పొడి కాగితం కవరు నయం.

4. ఎవరైనా కొంటామంటే తొందరపడి ఇవ్వకూడదు. తెలిసినవాళ్ళు ఇద్దరు ముగ్గురికి చూపించాలి. "కోట్లు ఇస్తాం, ముందు ఫీజు కట్టు" అనేవాళ్ళను నమ్మకూడదు.

మన దగ్గర కూడా

చిల్లర కరువు మన దేశమూ చూసింది. 1939 నుంచి 1945 దాకా రెండో ప్రపంచ యుద్ధం జరిగింది. మన జనం కూడా వెండి రూపాయలు దాచుకున్నారు. 1940లో రూపాయి కాగితం నోటు వచ్చింది. అదే ఏడాది వెండి రూపాయిలో వెండిని సగానికి తగ్గించారు. అవసరానికి మించి చిల్లర దాస్తే నేరమన్నారు. గుజరాత్ ప్రాంతంలోని మోర్వీ, జునాగఢ్ వంటి సంస్థానాల్లో చిల్లరకు బదులు అచ్చువేసిన చిన్న అట్టముక్కలు నడిచాయి.

1943లో మధ్యలో చిల్లు ఉన్న రాగి రంగు నాణెం వచ్చింది. లోహం ఆదా చెయ్యటానికి అలా చేశారు. 64 అయితే ఒక రూపాయి. అదే చిల్లు కానీ. మొలతాడుకు కట్టిన చిల్లు కానీ కొన్ని ఇళ్ళల్లో ఇంకా ఉంటుంది. 'వాడి దగ్గర చిల్లు కానీ లేదు' అనే మాట ఇప్పటికీ మన నోట ఉంది.

డబ్బుగా వాడే లోహపు బిళ్ళలను ఎవరికి వాళ్ళు తయారు చెయ్యకూడదని మన దేశంలో 1889లోనే చట్టం వచ్చింది. ఇప్పుడు 2011 నాటి నాణేల చట్టంలో ఆ నిషేధం ఉంది.

చట్టం ఉన్నా, డబ్బుకు బదులు చీటీ, టోకెను, కూపను ఇచ్చే పద్ధతి పూర్తిగా పోలేదు. కూలికి పోతే చీటీ ఇస్తారు. సరుకు అమ్మితే చీటీ ఇస్తారు. అలాంటిది చేతికి వచ్చినప్పుడు నాలుగు సంగతులు చదివి చూసుకోవాలి.

ఇచ్చినవాళ్ళ పేరు ఉందా? ఎంత డబ్బుకో అంకెల్లోనూ, మాటల్లోనూ ఉందా? తేదీ, సంతకం ఉన్నాయా? ఏ రోజు లోగా, ఎక్కడ ఇస్తే డబ్బు వస్తుందో రాసి ఉందా?

పెద్ద అక్షరాలు ముందు కనపడతాయి. చిన్న అక్షరాలు కూడా చదవాలి. 'ఒక సెంటు' అనే పెద్ద మాట పైన 'కాదు' అనే చిన్న మాట ఉండవచ్చు.

కొత్త మాటలు

అంతర్యుద్ధం - ఒకే దేశంలో జరిగే యుద్ధం
చెలామణి - డబ్బు చేతులు మారటం
చిలుము - రాగి మీద పట్టే ఆకుపచ్చ మురికి
బాకీ - తిరిగి ఇవ్వాల్సిన డబ్బు
సంస్థానం - రాజు లేదా నవాబు పాలించే ప్రాంతం

జవాబులు చెప్పండి

1. 1862లో అమెరికాలో చిల్లర ఎందుకు కరువైంది?
2. తపాలా బిళ్ళలను చిల్లరగా వాడితే వచ్చిన ఇబ్బందులేమిటి?
3. ట్రాము కంపెనీకి డబ్బు ఎందుకు రాలేదు?
4. పాత నాణేన్ని చింతపండుతో ఎందుకు తోమకూడదు?

మాట్లాడుకోండి

మీ ఊళ్ళో చిల్లరకు బదులు ఏమిస్తున్నారు? అదే వస్తువు మీరు తిరిగి ఇస్తే కొట్టు ఆయన తీసుకుంటాడా? తీసుకోకపోతే నలుగురూ కలిసి ఏం అడగాలి?

చేసి చూడండి

మీ ఇంట్లో ఉన్న నాణెం ఒకటి తీసుకోండి. దాని మీద ఉన్న ప్రతి అక్షరం, ప్రతి అంకె, ప్రతి బొమ్మ మీ పుస్తకంలో రాయండి. ఏ ఏడాది నాణెమో చూడండి. ఆ ఏడాది మీ ఇంట్లో ఏం జరిగిందో ఒక వాక్యం రాయండి.